గూడ్సు బండి ఎల్లీదాకా

పలాసలో చేతులు కడుక్కునే మనిషిని
ఎవరూ వింతగా చూడరు.
జీడిపిక్క కొట్టేవాళ్ళ వేళ్ళు
ముందు పసుపు, తర్వాత గోధుమ, ఆపైన నలుపు.
బూడిద రాస్తాం, ఆముదం రాస్తాం, ఇటుకముక్కతో గీకుతాం.
రేషన్ మిషను మా వేలిముద్ర పట్టదు,
డీలరు విసుక్కుంటాడు.

అందుకే
దమయంతి బట్టీ పని మానేసి ఏడు నెలలైనా
ఇంకా కడుగుతూనే ఉందని
నాకు తట్టలేదు.

పెరట్లో మగ్గు చప్పుడు లెక్కగా వచ్చేది.
పదకొండు.
ఆగేది.
మళ్ళీ ఒకటి.
మధ్యలో నేను పిలిస్తే లెక్క చెడేది,
చెడితే మొదటికి.
నెలకో సబ్బు అరిగే ఇంట్లో
వారానికి నాలుగు అరిగినప్పుడు
సబ్బు ఖరీదు మీద తగువాడాను.
అదీ నా తెలివి.

"గాలి సోకినాది" అంది మా అమ్మ తవిటమ్మ.
మందస దాటి, కొండ మలుపులో ఎజ్జోడి దగ్గరికి నడిపించాం.
కోడిని కోసి ఆ నెత్తురే
ఆమె రెండు అరచేతుల్లో పులిమాడు.
ఆ రాత్రి పెరట్లో నీళ్ళచప్పుడు
తెల్లారినా ఆగలేదు.

శ్రీకాకుళం పెద్దాసుపత్రి, వెనకవైపు బెంచీ.
నిద్ర మర్చిపోయిన ఒక హెడ్మాస్టరు.
సముద్రం చూస్తే ఊపిరాడని
భావనపాడు జాలరి ఒకడు, పక్కన తమ్ముడు.
బస్టాండులో కూర్చున్నట్టే కూర్చున్నాం,
ఎవరి బస్సు ఏదో
ఎవరూ అడగలేదు.

డాక్టరమ్మ చేతులు చూడలేదు.
"కడగకపోతే ఏమవుతుందనిపిస్తుంది?" అంది.
పన్నెండేళ్ళ కాపురంలో
నేను అడగని మాట అది.

"మురికి నేదని నాకెరికేనమ్మా.
ఎరికే గానీ, గుండెకాడ గంటొకటి మోగుతాది.
కడిగితే ఆగుతాది.
రెండు నిమిసాలు. మల్లీ మోగుతాది.
ఆపకపోతే
పిల్లడికేటో అయిపోతాదని..."

పిల్లాడికి!
నేను సబ్బులు లెక్కపెడుతున్నప్పుడల్లా
ఆమె వాడి చుట్టూ గట్టు కడుతోంది,
నీళ్ళతో.
నీళ్ళతో గట్టు నిలుస్తుందా?
కట్టినకొద్దీ కట్టాలి.

తెలిసీ ఎందుకు చేస్తావని
వెయ్యిసార్లు అరిచి ఉంటాను.
మా నాన్న రాత్రంతా దగ్గేవాడు.
దగ్గుతున్నానని ఆయనకీ తెలుసు.
తెలుసుగా, మరి ఆపు, అని
ఒక్కరోజైనా అన్నానా?

రాత్రికి అర మాత్ర రాసింది.
ఒక పని కూడా చెప్పింది, మాత్ర కన్నా చేదు.
చెయ్యి మురికి చేసుకుని
కడగకుండా ఆగాలట, ఆగగలిగినంత.
మోగి మోగి ఆ గంటే అలిసిపోతుందట.
"నువ్వు పక్కనుండు. 'ఏమీ కాదులే' అని మాత్రం
అనకు," అంది నాతో.
ఎనభై కేజీల జీడిబస్తా మోసేవాణ్ణి,
నోట్లో ఆ రెండు మాటలు మోయలేక
చెమటలు పట్టేవి.

మొన్న కాశీబుగ్గ గేటు దగ్గర
సైకిలు చైను ఊడింది.
నేను దిగేలోపే ఆమె ఎక్కించింది.
వేళ్ళ నిండా గ్రీజు.
చూసుకుంది. నన్ను చూసింది.
నీళ్ళసీసా నా సంచిలో ఉంది,
ఇద్దరికీ తెలుసు.

గేటు పడింది. బొగ్గు గూడ్సు.
"బండి ఎల్లీదాకా" అంది, అంతే.

పెదాలతో పెట్టెలు లెక్కపెడుతోంది.
ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు.
నా గుండె ఆగింది.

పన్నెండు, అంది.

ముప్పై దగ్గర మెడ నరం బిగిసింది.
నలభై దగ్గర చేతులు వణికాయి,
ఎవరివో పిల్లల్ని ఎత్తుకున్నట్టు
దూరంగా పట్టుకుంది వాటిని.
నేను గేటుకడ్డీ పట్టుకుని నిలబడ్డాను.
యాభై ఎనిమిది.
ఆఖరి పెట్టెలో గార్డు బీడీ కాలుస్తూ
మా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

గేటు లేచింది. వెనక ఆటోలు హారన్లు కొట్టాయి.
సీసా అడిగింది, ఇచ్చాను.
పక్కకు వెళ్ళి కడుక్కుంది.

ఎన్నిసార్లో
నేను లెక్కపెట్టలేదు.